ఆమె అడిగింది పన్ను మాత్రమే

ఈ మధ్య మా జిల్లా డాక్టర్లం కొందరం ఒకచోట కలిశాం. భోజనాలయ్యాక ఒక కుర్ర డాక్టరు దవడ వాపుల గురించి మాట్లాడాడు. బాగా మాట్లాడాడు. మామూలు పంటి తిత్తిలాగే కనిపించే కంతి ఒకటుంటుందని, చేత్తో పట్టి చూసినంత మాత్రాన రెంటికీ తేడా తెలియదని, తీసిన తిత్తిని పరీక్షకు పంపకపోతే ఎప్పటికైనా మోసపోతామని చెప్పాడు. చెబుతూ చెబుతూ ఒక కథ అందుకున్నాడు. సదుం వైపు పల్లెలో ఒక పిల్లకు దవడలో తిత్తి తీశారట. పరీక్షకు పంపుదామని డాక్టరు దాన్ని సీసాలో వేసి పెడితే, ఆ పిల్ల మేనత్త గోల చేసి లాక్కుపోయి, పేడలో చుట్టి ఇంటి మీదికి విసిరేసిందట. ఆ తర్వాత పిల్లకు సగం దవడ తీసేయాల్సి వచ్చిందట. 'మన జనం ఇట్లా ఉంటే మనమేం చేయగలం' అన్నాడు. అందరూ నవ్వారు.

నేను నవ్వలేదు. అట్లాగని నోరూ విప్పలేదు. ఆ కథలో డాక్టరును నేనే. దాన్ని మొదట చెప్పిందీ నేనే. పదేళ్ళకు పైగా ఒకరి నోటి నుంచి ఒకరికి చేరి, చివరికి నా ముందుకే వచ్చి కూర్చుంది. అందులో దవడ సంగతి నిజం. పేడ సంగతి నిజం. మేనత్త సంగతి అబద్ధం. అది సరిచేయడానికే ఇది రాస్తున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులవి. మెడికల్ స్కూలు చదువు ముగించి, కొన్నేళ్ళు అక్కడా ఇక్కడా పనిచేసి, పుంగనూరులో సొంతంగా చిన్న ఆసుపత్రి పెట్టుకున్నాను. ముందు వసారా, వెనక రెండు గదులు. ఊళ్ళో పళ్ళ డాక్టరంటూ ఎవరూ లేరు కాబట్టి పళ్ళు పీకడం, చిగుళ్ళు కోయడం కూడా నా పనే. మాది క్రైస్తవ కుటుంబం. మా నాన్న మిషను బడిలో ఉపాధ్యాయుడు. ఊరివాళ్ళకు అది పట్టింపు కాదు గానీ, చుట్టుపక్కల పల్లెల రైతులు మాత్రం నా గడప తొక్కడానికి జంకేవాళ్ళు. ఇది మతం వల్లేననుకున్నాను. కాదని తర్వాత తెలిసింది. కారణం నా కిటికీ.

వీధివైపు కిటికీ పక్కన ఒక అలమర ఉండేది. అందులో చదువుకునే రోజుల్లో పోగుచేసిన గాజుసీసాలు వరుసగా పెట్టాను. ఒకదాంట్లో బద్దెపురుగు, ఒకదాంట్లో మూత్రాశయంలోంచి తీసిన రాయి, ఇంకోదాంట్లో ఎవరి ఒంట్లోదో ఒక కంతి ముక్క. చదువుకున్నవాడినని తెలియాలని పెట్టాను. వీధిలో పోయేవాళ్ళకు మరోలా తెలిసింది. ఈ డాక్టరు మనుషుల కండలు కోసి దాచుకుంటాడని, దొరల సీమకు పంపి మందులు చేయిస్తాడని చెప్పుకున్నారు. ఒక రైతు కురుపు కోయించుకోవడానికి వచ్చి, బల్ల మీద పడుకుని అలమర వైపే చూస్తూ అన్నాడు.

"డాక్టరప్పా, సీము మాత్రం తీయి. కండ తీసి సీసాలో పెట్టుకునేవు. ఇంటికి పోతే నా పెండ్లాం ఒళ్ళంతా తడిమి సూసుకుంటాది."

వసారాలో ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ మాట నాలో ముల్లులా ఉండిపోయింది.

అట్లాంటి సమయంలో ఎద్దుల బేరగాడు ఒకాయన కూతుర్ని తీసుకొచ్చాడు. సదుం దగ్గరి పల్లె. పుంగనూరు సంతలో ఆయన్ని ఎరగనివాళ్ళు లేరు. ఆయన నోటి మాట మీద జోడెద్దులు చేతులు మారేవి. ఆయన నన్ను నమ్మితే ఆ పక్క పల్లెలన్నీ నమ్ముతాయి. ఆ సంగతి ఆయన గడపలో కాలు పెట్టకముందే నా మనసు లెక్కవేసుకుంది.

పిల్ల పెళ్ళీడుకు వచ్చింది. కుడివైపు కింది దవడ చివర ఉబ్బి ఉంది. వెంట మేనత్త వచ్చింది. ఆమె ఆయనకు అక్క. కుప్పం దగ్గరి పల్లెలో మెట్టి, చిన్నతనంలోనే భర్త పోయిన మనిషి. తమ్ముడి భార్య పురిట్లో పోతే పుట్టింటికి వచ్చి ఈ పిల్లను చేతుల్లోకి తీసుకుంది. అప్పటినుంచి ఆ ఇల్లే ఆమె ఇల్లు.

"ఎప్పటినుంచి ఉండాది ఈ వాపు?" అని అడిగాను.

"రాగులు కోసేటప్పుడు సూసినానప్పా," అంది మేనత్త. "వక్క బుగ్గన పెట్టుకోనుండాదేమో అనుకుంటి. ఉమ్మెయ్యే అంటే ఏమీ లేదత్తా అనింది."

"నొప్పి?"

"నొప్పి లేదు," అంది పిల్ల.

"మా అక్క తిండి పెట్టి పెట్టి దీని బుగ్గ పెంచిందని నవ్వుతాంటి," అన్నాడు తండ్రి.

"ఊరి ఎద్దులన్నిటి నోట్లో సెయ్యి పెట్టి పండ్లు సూస్తావు. కన్నబిడ్డ నోరు ఒకనాడన్నా సూసినావా?" అంది ఆమె.

ఆయన నా వైపు తిరిగి, "ఇదప్పా మా ఇంట్లో నా బతుకు," అన్నాడు. ఆ ముగ్గురి మధ్య ఉన్న చనువు చూసి నాకు ముచ్చటేసింది. అది గుర్తుంచుకోమని చదివేవాళ్ళను అడుగుతున్నాను.

నోరు తెరిపించి చూశాను. వెనక రావాల్సిన దంతం రాలేదు. వాపు మీద వేలితో నొక్కితే పలచటి అప్పడం విరిగినట్టు చిటపటమంది. సూది గుచ్చి లాగితే తేనె రంగు నీరు వచ్చింది. వెలుగులో పెట్టి చూస్తే దాంట్లో సన్నగా మెరుపులు. ఇవన్నీ మామూలు పంటి తిత్తి లక్షణాలు. బయటికి రాకుండా ఎముకలోనే ఉండిపోయిన పన్ను చుట్టూ నీరు చేరి, తిత్తిలా పెరిగి, ఎముకను పలచన చేస్తుంది. అట్లాంటివి అంతకుముందు కొన్ని తీశాను. అందరూ బాగయ్యారు.

ఎక్స్‌రే తీయించాలంటే మదనపల్లె పోవాలి. యుద్ధం వల్ల ఫిల్ము కరువు. పెట్రోలు లేక బస్సులు బొగ్గు మీద నడుస్తూ ఎక్కడ ఆగితే అక్కడే గంటలు ఆగేవి. నాకు అనుమానమే లేనప్పుడు వాళ్ళను అంత దూరం తిప్పడం దేనికనుకున్నాను.

సంత రోజున ఆపరేషను పెట్టుకున్నాం. తండ్రికి ఎట్లాగూ ఊళ్ళో పని ఉంటుంది. ఆ పూట నా వసారా నిండిపోయింది. కొందరు ఆయన కోసం, కొందరు ఈ డాక్టరు ఏం చేస్తాడో చూద్దామని వచ్చారు. మత్తు సూది వేసి, చిగురు కోసి, పలచటి ఎముక తొలిచి తిత్తిని మెల్లగా విడదీశాను. చిరగకుండా మొత్తంగా వచ్చింది. దాంతో పాటు పుట్టకుండా ఉండిపోయిన పన్ను కూడా వచ్చింది. గాయంలో గుడ్డ కూరి బయటికి వచ్చే ముందు, తిత్తిని పళ్ళెంలో వేసి కోసి లోపలివైపు చూశాను. చాలావరకు నున్నగా, పలచటి చర్మంలా ఉంది. ఒక మూల మాత్రం జొన్నగింజలు కొన్ని అంటుకున్నట్టు గరుకుగా ఉంది.

అట్లాంటిది అంతకుముందు నేను చూడలేదు. మాకు చదువు చెప్పిన పెద్ద డాక్టరు ఎప్పుడూ ఒక మాట అనేవాడు. ఒంట్లోంచి తీసింది ఏదైనా సరే, పరీక్షకు పంపకుండా పారేయవద్దని. తిత్తిని మందునీళ్ళ సీసాలో వేశాను. మద్రాసుకు పంపించాలి అనుకున్నాను. అనుకోవడమే కాదు, సీసా మూత కూడా బిగించాను.

అప్పుడు మేనత్త వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"డాక్టరప్పా, ఆ పన్ను ఇస్తావా?"

"పన్నెందుకమ్మా?"

"పాలపండ్లు ఊడితే ఆవుపేడలో పెట్టి ఇంటి మీదికి ఎగరేస్తాం గదా. ఇది పుట్టనే లేదు. దీన్ని యాడంటే ఆడ పడేస్తే బిడ్డకు మంచిది కాదు. నేను తీస్కపోయి మా ఇంటి పెంకుల మీదికి ఏస్తాను."

ఆమె గొంతులో గోల లేదు, గొడవ లేదు. బతిమాలుతున్నట్టు కూడా లేదు. పక్కింటికి పోయి నిప్పు అడిగినట్టు అడిగింది. పన్ను కడిగి ఆకులో పెట్టి ఇచ్చాను. అంతటితో అయిపోవాల్సింది.

వసారాలోంచి ఎవరో అన్నారు. "పన్నొకటేనా తీసింది? ఆ సీసాలో యేమో ఏసినాడు సూడు. అలమరకు ఇంగో సీసా వచ్చె."

కిసుక్కుమని నవ్వులు. తండ్రి నవ్వలేదు. ఆయన కళ్ళు సీసా మీద నిలిచాయి. ఆ చూపు ఒకటి రెండు క్షణాలు ఉందేమో. నాకు ఆ రైతు మాట గుర్తుకొచ్చింది. ఈ మనిషి ఇప్పుడు అనుమానంతో వెళ్ళిపోతే ఇక సదుం పల్లెల్లోంచి ఎవరూ రారని తోచింది. సీసా తీసుకుని వసారాలోకి వచ్చాను. అందరూ చూస్తుండగా మూత తీసి, నీళ్ళు పక్కన కాలువలో పారబోసి, తిత్తిని ఆమె చేతిలోని ఆకులో పన్ను పక్కన పెట్టాను.

"ఇదో పన్ను, ఇదో తిత్తి. మీ పిల్ల ఒంట్లోంచి తీసింది ఇంతే. నా దగ్గర గోరంత కూడా ఉంచుకోను."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "తిత్తి నాకెందుకప్పా. నీ దగ్గరే ఉండనీ. నీకేమన్నా పని ఉంటే ఉంటాది."

"నాకేం పని లేదు. తీసుకుపోండి. రేపు ఎవరూ నన్ను మాట అనకూడదు."

ఆమె ఇంకా వెనకాడుతుంటే తండ్రి, "ఇస్తే తీస్కోక్కా," అన్నాడు. తర్వాత జనం వైపు తిరిగి, "సూసినారా. మన డాక్టరు దగ్గర దాపరికం లేదు," అన్నాడు. ఆమె ఆకు మడిచి కొంగులో కట్టుకుంది.

జరిగింది ఇదే. ఒక్క ముక్క ఎక్కువా లేదు, తక్కువా లేదు.

ఆ సాయంత్రమే అలమరలోని సీసాలన్నీ తీసేశాను. తర్వాతి సంత నుంచి పల్లెల వాళ్ళు బండ్లు కట్టుకుని రావడం మొదలుపెట్టారు. పిల్ల గాయం చక్కగా మానింది. ఒకసారి తండ్రి నాకు బెల్లం దిమ్మె తెచ్చిచ్చాడు. గరుకుగా ఉన్న ఆ మూల గురించి కొన్నాళ్ళు ఆలోచించి, తర్వాత మానేశాను.

మరుసటి ఏడు చెరుకు గానుగలు ఆడే కాలంలో వాళ్ళు మళ్ళీ వచ్చారు. అదే చోట, ఇంకొంచెం వెనక్కి, వాపు. లోపలి పక్క వేలు పెట్టి చూశాను. మామూలు తిత్తి బుగ్గవైపే పొంగుతుంది. ఇది నాలుక వైపు కూడా పొంగి ఉంది. అది వేలికి తెలిసింది. వేలికి తెలిసింది నోటితో చెప్పలేకపోయాను.

"దీని మీద ఏమన్నా రాసినారా?" అని అడిగాను.

మేనత్త తలవంచుకుంది. "సల్లగా ఉంటాదని ఉమ్మెత్తాకు నూరి కట్టినానప్పా. రెండు మూడు పూటలు."

పారిపోవడానికి నాకు దారి దొరికింది. "అదే చేటు తెచ్చింది. మానిన దాన్ని మళ్ళీ రేపినావు. సీము పట్టింది," అన్నాను. నిజానికి ఉమ్మెత్తాకు చర్మం మీద చేసేది ఏమన్నా ఉంటే ఉండొచ్చు, ఎముక లోపలి కంతిని అది పుట్టించలేదు. ఆ సంగతి నాకు తెలుసు.

తండ్రి అక్క వైపు చూశాడు. ఎప్పుడూ ఆమెతో ఆడే పరాచికాలు ఆ పూట ఆడలేదు.

కోసి నీరు తీశాను. సీముకని సల్ఫా మాత్రలిచ్చాను. కొంచెం తగ్గినట్టుండేది, మళ్ళీ వచ్చేది. వచ్చినప్పుడల్లా మదనపల్లె పంపాలనుకునేవాణ్ణి. పంపితే మొదటి తిత్తి గురించి అడుగుతారు. ఆ ప్రశ్నకు భయపడి వచ్చే వారం, వచ్చే వారం అంటూ నెలలు గడిపాను. ఆ నెలల్లో ఆ పిల్ల ముఖం కుడిపక్క మెల్లమెల్లగా మారిపోయింది. కొంగు బుగ్గ మీదికి లాక్కుని మాట్లాడటం అలవాటు చేసుకుంది.

ఒకరోజు తనే చెప్పింది. "డాక్టరప్పా, ఈ పక్క పండ్లు కదులుతాండాయి. ఎద్దునయ్యుంటే మా నాయన ఈపాటికి అమ్మేసుండు."

తండ్రి మొహం తిప్పుకున్నాడు. మర్నాడే వాళ్ళతో కలిసి మదనపల్లె బస్సెక్కాను.

అక్కడ ఎక్స్‌రే ఉన్న పెద్ద డాక్టరు మా గురువే. ఉద్యోగం విరమించి సొంత ఇంట్లోనే రోగులను చూస్తుండేవాడు. పిల్లను పరీక్ష చేసి, ఫిల్ము తీసి, పిల్లను, మేనత్తను బయట వరండాలో కూర్చోబెట్టారు. తండ్రి, నేను లోపల ఉన్నాం. ఫిల్ము కడిగి తెచ్చారు. మా గురువు తడి ఫిల్మును కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు.

నాకు కూడా కనిపించింది. మామూలు తిత్తి అయితే ఒకే నల్లటి గది, చుట్టూ తెల్లటి గీత. ఇక్కడ గది పక్కన గది, పెద్దవీ చిన్నవీ, బెల్లం పాకం మీద నురగ లేచినట్టు దవడ మూల నుంచి ముందుకు పాకాయి. వాటి మీది పళ్ళ వేర్లు పక్కకు తోసుకుపోలేదు. కత్తితో కోసినట్టు పొట్టిగా అయిపోయాయి.

"తిత్తి అయితే పళ్ళను పక్కకు నెడుతుంది. ఇది వేర్లను తినేసింది," అన్నాడు ఆయన. "తిత్తి కాదయ్యా ఇది. కంతి. మొదట్లో ఒకే గదిగా ఉన్నప్పుడు దీనికీ తిత్తికీ ఎక్స్‌రేలో కూడా తేడా తెలియకపోవచ్చు. తిత్తి గోడను సూక్ష్మదర్శినిలో చూస్తే మాత్రం దొరికిపోతుంది. నువ్వు మొదటిసారి తీసినదాన్ని పంపావు కదా. ఏమని వచ్చింది?"

తండ్రి నా వైపు చూస్తున్నాడు. ఆయనకు సూక్ష్మదర్శిని అంటే ఏమిటో తెలియదు. కానీ అందులో తన కూతురి సంగతేదో ఉందని తెలుసు.

"పంపుదామని సీసాలో వేసి పెట్టానండి," అన్నాను. అంతవరకు నిజం. "వాళ్ళ మేనత్త పట్టుబట్టి తీసుకుపోయింది. పేడలో పెట్టి ఇంటి మీదికి విసరాలట. వాళ్ళ ఆచారం."

ఆయన తల అడ్డంగా ఊపాడు. నన్ను తప్పుపట్టలేదు. "మన జనం," అన్నాడు అంతే.

తండ్రి ఆ వసారాలోనే ఉన్నాడు ఆ రోజు. అంతా చూశాడు. "ఇస్తే తీస్కోక్కా" అన్నది ఆయనే. ఇప్పుడు కాదంటాడేమోనని ఆయన వైపు చూడకుండా ఫిల్ము వైపే చూశాను. ఆయన మెల్లగా అడిగాడు.

"ఆ తిత్తి ఉండుంటే అప్పుడే తెలిసుండునా?"

"తెలిసుండేది," అన్నాడు పెద్ద డాక్టరు. "చిన్న ఎముక ముక్కతో పోయేది. ఇప్పుడు చాలా తీయాల్సి వస్తుంది."

మనిషికి అంత బాధ వచ్చినప్పుడు, నిందించడానికి దగ్గరలో ఎవరు దొరికితే వాళ్ళే తప్పు చేసినవాళ్ళవుతారు. ఉమ్మెత్తాకు తప్పు ఆమెదని నేను ఆయనకు అప్పటికే నేర్పాను. ఈ రెండో తప్పు కూడా ఆమెదేనని ఆయన జ్ఞాపకం ఒప్పుకుంది. తిరుగు బస్సులో ఆయన అక్క పక్కన కూర్చోలేదు.

అక్కడే చిన్న ముక్క కోసి మద్రాసుకు పంపారు. జవాబు రావడానికి వారాలు పట్టింది. ఆ వారాల్లో నేను ఏ రోగిని చూస్తున్నా ఒక చెవి టపా మనిషి అడుగుల వైపే ఉండేది. చివరికి వచ్చింది. అడమాంటినోమా. పంటి మీది పింగాణీని తయారు చేయాల్సిన కణాలు దారితప్పి కంతిగా పెరగడం. ఒళ్ళంతా పాకి చంపే జబ్బు కాదు. కానీ గీకితే పోదు. కొంచెం మిగిలినా మళ్ళీ వస్తుంది. దవడ ఎముకను అది పాకినంత మేరా తీసేయాలి.

ఆ మాట చెబితే తండ్రి విని, లేచి నిలబడ్డాడు.

"మా అక్కను వాళ్ళ ఊరికి పంపించేసినాను డాక్టరప్పా. మా ఇంట్లో సేసింది సాలు."

అప్పుడు చెప్పి ఉండాల్సింది. నాలుక చివరి వరకు వచ్చింది. ఆయన వెనక నా వసారా నిండా జనం కూర్చుని ఉన్నారు. చెప్పలేదు.

మద్రాసు పెద్దాసుపత్రికి తీసుకుపోవడానికి కుప్పం వెళ్ళి రైలెక్కాలని అనుకున్నాం. పాకాలలోనో కాట్పాడిలోనో బండి మారే పని లేకుండా నేరుగా పోవచ్చు. నేను వెంట వస్తానన్నాను. ఆ మాటకే తండ్రి నాకు చేతులెత్తి దండం పెట్టాడు.

కుప్పం స్టేషనులో బండి ఆలస్యం. రాతి బల్ల మీద పిల్లను కూర్చోబెట్టాం. నమలడం మానేసి చాలా రోజులైంది, చిక్కిపోయింది. కాసేపటికి ప్లాట్‌ఫారం చివర మేనత్త కనిపించింది. ఎవరి ద్వారానో విని, తన మెట్టినూరి నుంచి నడిచి వచ్చింది. చేతిలో మూతపెట్టిన చెంబు. తండ్రి ఆమెను చూసి, లేచి దూరంగా పోయి పట్టాల వైపు తిరిగి నిలబడ్డాడు.

"రాగి జావ. సల్లారబెట్టి తెచ్చినా. మెల్లిగా తాగు," అంది పిల్లతో.

"నువ్వు గూడ రా అత్తా."

"నేను యాల? డాక్టరప్పే ఉండాడు గదా."

పిల్ల జావ తాగుతుంటే ఆమె నా దగ్గరికి వచ్చింది. కొంగు ముడి విప్పింది. అందులో ఎండి రాయిలా గట్టిపడిన పేడముద్ద.

"ఇల్లు ఇడిసేనాడు పొద్దున్నే నిచ్చెన ఏసుకోని పైకెక్కి ఎతికినానప్పా. పెంకుల సందున ఇరుక్కోనుండాది. వానకు కొంచిం కరిగింది గాని లోపల పన్ను ఉండాది. తిత్తి గూడా దాంట్లోనే పెట్టినాను. మద్రాసులో ఆ అద్దాల మిషను కింద పెట్టి సూస్తే ఇప్పుడన్నా తెలుస్తాదేమో."

చేతిలోకి తీసుకున్నాను. ఒక పక్క విరిగి పన్ను అంచు తెల్లగా కనిపిస్తోంది. దాని పక్కన ఎండుటాకు తునకలాంటిది ఒకటి. ఎండకు, వానకు ఏమీ మిగల్లేదు.

"ఇప్పుడు దీంతో పని లేదమ్మా," అన్నాను.

ఆమె తలూపింది. గొంతు తగ్గించి అడిగింది.

"డాక్టరప్పా, నిన్నొక మాట అడుగుతాను. నేను అడిగింది పన్ను మాత్రమే గదా? తిత్తి వద్దంటే నువ్వే ఇచ్చినట్టు నాకు గురుతు. మావోడేమో నువ్వే లాక్కోనొస్తివి అంటాడు. వాడు అబద్ధం సెప్పేవాడు కాదు. నా మతే సెడిందో యేమో. నువ్వు సదువుకున్నోడివి, నీకు గురుతుంటాది."

దూరంగా తమ్ముడు వీపు తిప్పి నిలబడి ఉన్నాడు. నేను అవునని ఒక్క కేక వేస్తే ఆయన వెనక్కి తిరిగేవాడు. అప్పుడే సిగ్నలు చప్పుడు చేస్తూ వాలింది. జనం మూటలు ఎత్తుకుంటున్నారు.

"ఆ రోజు జనం ఎక్కువగా ఉండిరి. నాకు సరిగా గురుతు లేదమ్మా," అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. కోపం లేదు, అనుమానం కూడా లేదు. నా మాట నమ్మింది. అదే నన్ను ఇన్నేళ్ళుగా నిద్రపోనివ్వనిది.

"అయితే నేనే అడిగింటాను," అంది. "పోనీలే. బిడ్డ బాగై వస్తే సాలు."

బండి కదిలాక చూసుకుంటే ఆ పేడముద్ద ఇంకా నా చేతిలోనే ఉంది. ఊరు దాటాక కిటికీలోంచి విసిరేశాను.

మద్రాసులో కుడి దవడ ఎముక సగం తీశారు. పిల్ల బతికింది. కంతి మళ్ళీ రాలేదు. ముఖం కుడివైపు లోపలికి పోయింది. మాట కొంత మారింది, కొత్తవాళ్ళకు మొదట అర్థం కాదు. మేనత్త మళ్ళీ తమ్ముడి ఇంటికి రాలేదు, ఆయన పిలవలేదు. కొన్నేళ్ళకు ఆమె తన మెట్టినూళ్ళోనే పోయింది. ఆయనా పోయాడు. ఇక కాదనేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి నేను ఆ కథను డాక్టర్ల ముందు పాఠంగా చెప్పడం మొదలుపెట్టాను. చెప్పినప్పుడల్లా మేనత్త కొంచెం ఎక్కువ గోల చేసేది.

మొన్నటి ఆ భోజనాల తర్వాత నేరుగా సదుం వెళ్ళాను. ఆ పిల్ల ఇప్పుడు తండ్రి ఇంట్లోనే ఉంటోంది, ఆవుల్ని పెంచుకుంటోంది. దూడకు కుడితి పెడుతూ ఉంది. నన్ను చూసి పీట వేసింది. జరిగిందంతా చెప్పాను. సీసా, నీళ్ళు పారబోయడం, వాళ్ళ అత్త చెయ్యి వెనక్కి తీసుకోవడం, మదనపల్లె, కుప్పం, మొన్న ఆ కుర్ర డాక్టరు చెప్పిన కథ. మధ్యలో ఆపకుండా విన్నది. నేను క్షమించమని అడగబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇది నాకు సెప్తే ఏమొస్తాది డాక్టరప్పా? అత్తకు సెప్పాల్సింది. సచ్చిపోయే ముందు నేను సూడబోతే గూడా నన్ను పట్టుకోని, నేనే సేస్తినే, నేనే సేస్తినే అని ఏడ్సింది."

దూడ కుండలో మూతి పెట్టి చప్పరిస్తోంది. ఆమె దాని మెడ నిమిరింది. తర్వాత అంది.

"ఆ సిన్న డాక్టరు ఇంగా సెప్తాండాడా ఆ కత?"

"చెబుతున్నాడు."

"అయితే మీరు రాయండి. మా పేర్లు వద్దు. అడిగింది పన్ను మాత్రమేనని రాయండి."

రాశాను.